పరీక్షకు నిలిచినదే మేలు

ఆళ్లగడ్డ శిల్పి అమ్మకందారు పొగడ్తలు విని రాతిని కొనడు. సుత్తితో తట్టి దాని నాదము వినును. నంద్యాల రైతు విత్తనపు సంచిపై బొమ్మను నమ్మడు. గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలకెత్తెనో లెక్కించును. కంప్యూటరునకు యాంటీవైరస్ కొనునపుడును ఈ వివేకమే కావలెను.

“నూటికి నూరుపాళ్లు రక్షణ” యని ప్రకటనలు చాటును. దినదినము క్రొత్త వైరస్సులు పుట్టుచుండగా అట్టి హామీని ఎవ్వరును నిలుపుకొనజాలరు. ఆస్ట్రియాలోని ఏవీ కంపారటివ్స్ వంటి సంస్థలు పలు యాంటీవైరస్సులను ఒకే రీతిని పరీక్షించి ఫలితములను ప్రకటించును. ఎన్ని వైరస్సులను పట్టినది, ఎన్ని మంచి ఫైళ్లను వైరస్సులని పొరబడినది, కంప్యూటరు వేగమును ఎంత తగ్గించినది అను మూడింటిని చూచి ఎన్నుకొనవలెను.

అంతమాత్రమున నిశ్చింత తగదు. ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరు ‘వన్నాక్రై’ 2017 మే నెలలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను సైతము బాధించెను. అది చొరబడు కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ తన క్రొత్త విండోస్‌లకు మార్చిలోనే అందించియుండెను. పాతవాటిని విడువనివారును, సవరణ చేసికొననివారును చిక్కిరి. కావలివాని నుంచుకొన్నను, తలుపునకు గడియ వేయుట యజమాని విధియే.