నెమలికంఠం రంగూ, ఫోను తీర్పూ

ధర్మవరం పట్టుచీరను తిప్పి పంపడానికి ఈ మధ్య మన ఆడవాళ్ళకు ఒక గొప్ప కారణం దొరికింది. "ఫోన్లో చూసిన రంగు కాదండీ!" పోగు ఊడిందనో, జరీ నల్లబడిందనో కాదు. తెర ఒకలా చెప్పింది, చీర ఇంకోలా ఉంది, కనుక తప్పు చీరదే! తెర అబద్ధమాడిందేమోనన్న అనుమానం ఒక్కరికీ రాదు. కట్టుకున్న మొగుడి మాటమీద కూడా మనకింత నమ్మకం ఏనాడూ లేదు సుమండీ.

అసలు ధర్మవరం చీర గొప్పతనమే రెండు రంగుల్లో ఉంది. పడుగు నీలం, పేక ఆకుపచ్చ వేసి నేస్తే నెమలికంఠం రంగు వస్తుంది. కూర్చుంటే ఒక రంగు, లేచి కొంగు సర్దుకుంటే మరో రంగు. దీపం కింద ఒకటి, పెరట్లో ఎండలో ఇంకొకటి. మనం కదిలితే అదీ కదులుతుంది. ఫొటో అందులో ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. దాన్ని చూసి "ఇదీ చీర రంగు" అని తేల్చేయడం, పెళ్ళికూతురి ఫొటో చూసి గుణం చెప్పడం లాంటిదే.

కంప్యూటర్ దండగని నేననను. దానికి మగ్గం పుట్టింటి వరసాయె! 1804 నాటికే ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన, అట్టల్లో బెజ్జాలు పొడిచి వాటి ప్రకారం పోగులు లేచే మగ్గం చేశాడు. 1839లో ఆయన బొమ్మనే పట్టులో నేశారు, దాదాపు 24,000 అట్టలతో. అలాంటి బొమ్మొకటి సంపాదించి ఇంటికొచ్చిన వాళ్ళకు చూపించుకున్న ఇంగ్లండు పెద్దమనిషి బాబేజి, లెక్కల యంత్రానికి ఆ అట్టలే వాడాలనుకున్నాడు. కంప్యూటర్ కథ అక్కడినుంచి వచ్చిందే. ధర్మవరంలోనూ లేపాక్షి గుడి కప్పుమీది బొమ్మల్లోని చీరల అంచులు చూసి, గ్రాఫు కాగితం గళ్ళు నింపి, అట్టలు కొట్టించేవారు. ఇప్పుడా గళ్ళు కంప్యూటర్ నింపుతోంది. కళ్ళు పోగొట్టుకునే చాకిరీ తగ్గింది, సంతోషమే.

నా తగువు తెరతో. మన బొమ్మమీద చీర కప్పి చూపించే తెరలు వచ్చాయి కదా, వాటికి పెద్దమ్మ వరసయ్యేది 1970లలోనే అమెరికాలో ఉంది. మైరన్ క్రూగర్ అనే ఆయన "వీడియోప్లేస్" అని ఒక ఆట కట్టాడు. మనిషి వచ్చి నిలబడితే నీడ తెరమీద పడుతుంది. చెయ్యి ఊపితే బొమ్మలు పుడతాయి. ఒక చిన్న జీవి నీడమీదికి ఎగబాకి తలమీద గంతులేస్తుంది. అక్కడ మనిషి ఎలా కదిలితే యంత్రం అలా ఆడింది. ఇప్పుడు తెర ముందు మనమే కొయ్యబొమ్మల్లా నిలబడుతున్నాం. కుచ్చిళ్ళు జారవు, జరీ బరువు తెలియదు, కొంగు ఎగరదు. "బాగుంది" అని అదే అంటుంది, మనం డబ్బు కడతాం.

"అమెరికాలో ఉన్న మా అమ్మాయి ధర్మవరం రాగలదా?" అంటారు. రాలేదు, నిజమే. మరి హిందూపురం, పెనుకొండ వదినలకేం వచ్చింది? రైలెక్కితే ధర్మవరం ఎంత దూరమని? వాళ్ళూ ఫోన్లోనే కొని, ఫోన్లోనే అలుగుతున్నారు!

పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో 2019 నుంచి రోబోలు కార్లు అతుకుతున్నాయి. ఒక కారు ఇంకో కారులాగే ఉండాలి, లేకపోతే తప్పే. ఆ కొలత చీరకు పెట్టడమేమిటి? ఆయన మగ్గంలో కూర్చుంటే ఆమె ఇంట్లో కండెలు చుడుతుంది. రోజుల తరబడి ఇద్దరి చాకిరీ. తిరిగొచ్చిన చీరను షావుకారు తగ్గించి అమ్ముతాడు. ఆ తగ్గింపు ఎవరి కూలి దాకా పాకుతుందో మీకు నేను చెప్పాలా? పైగా షావుకారు తెలివిగలవాడు. నాలుగు చీరలు తిరిగొస్తే, ఐదోసారి ఫొటోలో తిన్నగా పడే ఒంటిరంగే నెయ్యమంటాడు. అప్పుడు నెమలికంఠం కోసం అమ్మమ్మ పెట్టె వెతుక్కోవాలి.

దూరాన ఉన్నవాళ్ళు తెరమీదే చూడండి, ఎవరు కాదన్నారు? పడుగేం రంగు, పేకేం రంగు అని అడిగి కొనండి. పగటి వెలుతురులో మడత తిప్పి చూపించమనండి. చీర ఇంటికొచ్చాక ట్యూబులైటు కింద తీర్పు చెప్పకుండా, సగం ఎండలో, సగం నీడలో పరిచి చూడండి. అప్పటికీ నచ్చకపోతే "నచ్చలేదు" అని రాసి పంపండి. "రంగు తప్పు" అని మాత్రం రాయకండి.