అక్టోబరులో ఒక తెలుగు దెయ్యం: ప్లేనోలో హారర్ ఫెస్టివల్ ఎందుకు, ఎలా?

అక్టోబరు వచ్చిందంటే ప్లేనోలో ఏ వీధికి వెళ్లినా దెయ్యాలే. గరాజ్ ముందు అస్థిపంజరం, చెట్టుకి వేలాడే తెల్లగుడ్డ, గుమ్మంలో గుమ్మడికాయ. మన ఇళ్లూ అందుకు మినహాయింపు కాదు. లోపల దసరా బొమ్మల కొలువు, బయట హాలోవీన్ అలంకరణ. పిల్లలకి రెండూ పండగలే. కానీ "నాన్నా, మనకి సొంత దెయ్యాలు లేవా?" అని పిల్లలు అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. మనం చిన్నప్పుడు అమ్మమ్మ పక్కలో పడుకుని విన్న కొరివిదెయ్యాలు, చింతచెట్టు మీది దెయ్యాలు విమానం ఎక్కి ఇక్కడికి రాలేదు.

ఇక్కడ కొత్తగా తెరుచుకునే సినిమా హాళ్లలో ఒకదాన్ని అక్టోబరులో ఒక వీకెండ్ తీసుకుని తెలుగు హారర్ ఫెస్టివల్ చేస్తే ఎలా ఉంటుంది? వినగానే నవ్వు రావచ్చు. సంక్రాంతి సంబరాలకే వాలంటీర్లు దొరకడం లేదు, ఇప్పుడు దెయ్యాల పండగా అనిపించవచ్చు. అయినా ఈ ఆలోచనను కాస్త లోతుగా చూడాలి. తెలుగు సినిమాను తెలుగు రానివాళ్ల దాకా తీసుకెళ్లిన దారుల్లో హారర్ ఫెస్టివల్ ఒకటి. ఆ దారి వేసింది మనం కాదు, వేరేవాళ్లు.

వాళ్లు పిలిచారు, మనం వెళ్లాం

రాజమౌళి 'ఈగ' 2012లో విడుదలైంది. మరుసటి ఏడాది టొరంటో ఆఫ్టర్ డార్క్ ఫెస్టివల్‌లో దాన్ని వేశారు. హారర్, సైన్స్ ఫిక్షన్, వింత సినిమాల కోసం నడిచే పండగ అది. నాని ఎవరో, సుదీప్ ఎవరో తెలియని ప్రేక్షకులు ఆ హాల్లో కూర్చున్నారు. ఆ ఏడాది 'ఈగ'కు అక్కడ తొమ్మిది విభాగాల్లో గుర్తింపు దక్కింది.

'ఆర్ఆర్ఆర్' కథా అలాంటిదే. 2022 మార్చిలో అది మన సినిమాగానే విడుదలైంది, మనమే చూశాం. జూన్ 1న అమెరికా అంతటా ఒక్క రాత్రి ప్రత్యేక ప్రదర్శనలు వేసినప్పుడు తెలుగు రానివాళ్లు వచ్చారు. సెప్టెంబరు 30న లాస్ ఏంజెలిస్‌లోని చైనీస్ థియేటర్ ఐమాక్స్‌లో రాజమౌళి సమక్షంలో మళ్లీ వేశారు. ఆ ప్రదర్శన జరిగింది బియాండ్ ఫెస్ట్‌లో. హారర్, యాక్షన్, ఫాంటసీ సినిమాలకు పేరున్న పండగ అది. తర్వాతి మార్చిలో వచ్చిన ఆస్కార్ ఆ ఒక్క రాత్రి వల్లే వచ్చిందని చెప్పలేం. కానీ దారిలో అదొక ముఖ్యమైన మెట్టు. 'తుంబాడ్' కూడా 2018లో వెనిస్‌లో మొదలై ఇలాంటి పండగల మీదుగానే పేరు తెచ్చుకుంది.

హారర్ ఫెస్టివల్‌కి వచ్చే ప్రేక్షకుడు హీరో పేరు చూసి రాడు. భాష అడగడు. భయపెడతారా లేదా అన్నదే అతనికి కావాలి. మన సినిమాకు అమెరికాలో ఇంతకంటే సులువైన తలుపు లేదు.

మరి ప్లేనోలో మనం ఏం చేస్తున్నాం?

డాలస్ ప్రాంతం తెలుగు సినిమాకు పెద్ద మార్కెట్ అని అందరికీ తెలుసు. 'గేమ్ ఛేంజర్' ప్రీరిలీజ్ వేడుక 2024 డిసెంబరు 21న గార్లండ్‌లో జరిగింది. రెండు వారాలకే 'డాకు మహారాజ్' వేడుక కూడా ఈ ప్రాంతంలోనే జరిగింది. ప్రీమియర్ రాత్రి ఇరవై, ముప్పై డాలర్ల టికెట్లు కొని పేపర్లు ఎగరేసి కేకలు వేస్తాం. మర్నాడు హాలు ఊడ్చేవాళ్లు మనల్ని గుర్తుంచుకుంటారు, వేరే కారణంతో. ఆ తర్వాత ఏమీ మిగలదు. హీరో వెళ్లిపోతాడు, వసూళ్ల అంకెలు రెండు రోజులు వాట్సాప్‌లో తిరుగుతాయి, అంతే.

ప్లేనోకి ఫెస్టివల్స్ కొత్త కాదు. డీఎఫ్‌డబ్ల్యూ సౌత్ ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్ 2015లో మొదలైనప్పుడు లెగసీలోని ఏంజెలికా థియేటర్‌లో సినిమాలు వేసింది. డాలస్ ఫిల్మ్ సంస్థ 2019లో నార్త్ టెక్సస్ ఫిల్మ్ ఫెస్టివల్‌ను సినీమార్క్ వెస్ట్ ప్లేనోలో పెట్టింది. సినీమార్క్ ప్రధాన కార్యాలయం కూడా ప్లేనోలోనే ఉంది. 2020 జనగణన ప్రకారం ఈ ఊరి జనాభా 2,85,494. అందులో ఆసియా మూలాలవారు నాలుగో వంతుకు దగ్గరగా ఉన్నారు. హాళ్లు, జనం, ఉద్యోగాలు, అన్నీ ఉన్నాయి. తెలుగువాళ్లు తామే ఎంచి, తామే వేసే సినిమా పండగ మాత్రం లేదు.

హారర్‌కి టెక్సస్ సొంతగడ్డ లాంటిది. 1974లో వచ్చిన 'టెక్సస్ చైన్ సా మాసకర్' చిన్న బడ్జెట్‌తో ఇక్కడే తీసిన సినిమా. ఆస్టిన్‌లో ఫెంటాస్టిక్ ఫెస్ట్ 2005 నుంచి నడుస్తోంది. కాబట్టి మనం పరాయి చోట అడుగుపెట్టడం లేదు, ఇక్కడివాళ్లకు అలవాటైన బల్ల దగ్గర మన కంచం కూడా పెడుతున్నాం.

వేయడానికి సరుకు ఉందా?

కావలసినంత ఉంది. రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' 1992లో, 'దెయ్యం' 1996లో వచ్చాయి. కోడి రామకృష్ణ 'అరుంధతి' 2009ది. రవిబాబు 'అవును' 2012ది. ఇటీవలి వాటిలో 'మసూద' 2022లో, 'విరూపాక్ష', 'మంగళవారం' 2023లో వచ్చాయి. సమంత నిర్మించిన 'శుభం', బెల్లంకొండ సాయి శ్రీనివాస్ 'కిష్కింధపురి' 2025లో వచ్చాయి. 'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా ఓటీటీకి వెళ్లింది. దానికి దొరికిన ఆదరణ వల్ల రెండో భాగం 2023లో థియేటర్లకు వచ్చింది. పెద్ద స్టార్ లేకుండా కథ బలంతో నిలబడిన తెలుగు సినిమాలు ఎక్కువగా ఈ వరుసలోనే దొరుకుతాయి. ఇక్కడ వాటిలో కొన్నిటికి రెండు మూడు రోజుల ఆటలే దక్కాయి. పెద్ద తెరమీద చూడని వాళ్లే ఎక్కువ.

కొత్త హాలుతో లాభం, భయం

కొత్తగా తెరిచిన హాలుకి ప్రేక్షకుల అలవాటు ఇంకా ఏర్పడి ఉండదు. అలాంటివాళ్లు కమ్యూనిటీ కార్యక్రమాలకు తలుపు తీస్తారు, షరతుల మీద బేరానికి వీలుంటుంది. శుక్రవారం రాత్రి అడిగితే కష్టం. ఆదివారం మధ్యాహ్నం, గురువారం సాయంత్రం అడిగితే వింటారు.

కానీ హాలును నమ్ముకుని పండగ పెట్టుకుంటే ఏమవుతుందో 2024 జూన్‌లో చూశాం. అలామో డ్రాఫ్ట్‌హౌస్‌కి డాలస్ ప్రాంతంలో ఫ్రాంచైజీ నడిపిన సంస్థ దివాలా తీసింది. మన పక్కనే ఉన్న రిచర్డ్‌సన్‌తో కలిపి అయిదు థియేటర్లు ఒక్క రోజులో మూతపడ్డాయి. అదే నెలలో అలామో డ్రాఫ్ట్‌హౌస్ కంపెనీని సోనీ పిక్చర్స్ కొనుక్కుంది. ఆ తర్వాత ఇక్కడి హాళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. పాఠం ఒక్కటే. పండగ పేరు, ఈమెయిల్ జాబితా, టికెట్ల ఖాతా మన చేతిలో ఉండాలి, హాలు చేతిలో కాదు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు, హాలు మూతపడినా తేదీ మారినా డబ్బు ఎలా వెనక్కి వస్తుందో కాగితం మీద రాయించుకోవాలి.

హక్కులు: అందరూ తడబడే చోటు

ఓటీటీ చందా ఉంది కదా, ల్యాప్‌టాప్ తగిలించి వేసేద్దాం అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అది కుదరదు. ఇంట్లో చూసే హక్కు వేరు, హాల్లో పదిమందికి చూపే హక్కు వేరు. టికెట్ పెట్టకపోయినా అనుమతి కావాల్సిందే. తెలుగు సినిమాల ఓవర్సీస్ థియేటర్ హక్కులను నిర్మాత సాధారణంగా ఒక పంపిణీదారుకి కొంతకాలానికి అమ్ముతాడు. గడువు తీరాక అవి ఎవరి దగ్గర ఉన్నాయో వెతకాలి. పాత సినిమా అయితే ఈ వెతుకులాటకే నెలలు పడుతుంది. హక్కులు దొరికాక డీసీపీ అనే డిజిటల్ ప్రింట్ కావాలి. దానికి తాళం వేసి ఉంటే కేడీఎం అనే తాళంచెవి కూడా కావాలి. ఆ తాళంచెవి ఫలానా హాల్లో, ఫలానా సమయంలో మాత్రమే పనిచేస్తుంది. అందుకే అక్టోబరు పండగకు మార్చిలోనే ఉత్తరాలు మొదలుపెట్టాలి.

డబ్బు విషయంలో రెండు పద్ధతులున్నాయి. హాలును అద్దెకు తీసుకుని టికెట్ డబ్బు మనమే ఉంచుకోవడం ఒకటి, వసూళ్లలో హాలుకి వాటా ఇవ్వడం రెండోది. ఊహాలెక్క ఒకటి వేసుకుందాం. 120 సీట్ల హాలు, 12 డాలర్ల టికెట్, ఆరు ఆటలు. ప్రతి ఆటకీ హాలు సగం నిండితే చేతికొచ్చేది 4,320 డాలర్లు. అద్దె, హక్కుల రుసుము, బీమా, ప్రచారం అన్నీ అందులోనే సర్దుకునేలా ఉంటేనే ముందుకెళ్లాలి. హౌస్‌ఫుల్ అవుతుందని లెక్క వేసుకుంటే మొదటి ఏడాదితోనే పండగ ఆగిపోతుంది. మొదటిసారి వాటా పద్ధతే మేలు, లాభం తగ్గినా నష్టం మన నెత్తిన పడదు. బయట తిండి లోపలికి రానివ్వరు కాబట్టి సమోసాల స్టాల్ ఆదాయం లెక్కలో వేసుకోవద్దు. ఇంకో దారి కూడా ఉంది. టెక్సస్ చట్టం ప్రకారం నగరాలు హోటల్ పన్నులో కొంత కళలకు ఖర్చు పెట్టవచ్చు. లాభాపేక్ష లేని సంస్థగా నమోదైనవాళ్లు సిటీ దగ్గర గ్రాంట్ల గురించి అడిగి చూడాలి.

పిల్లల్ని తీసుకురావచ్చా?

మన కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. తెలుగు సినిమాలకు సాధారణంగా అమెరికన్ రేటింగ్ ఉండదు, అందుకే ప్రీమియర్ రాత్రి చంకలో పిల్లలతో వచ్చేస్తాం. హారర్‌కి అది పనికిరాదు. 'విరూపాక్ష', 'మంగళవారం' రెండింటికీ మన సెన్సార్ బోర్డు పెద్దలకు మాత్రమే అని ఎ సర్టిఫికెట్ ఇచ్చింది. ఇప్పుడు యూఏలో కూడా 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. ఆ గుర్తును టికెట్ మీదే పెద్ద అక్షరాల్లో వేయాలి, గేటు దగ్గర పాటించాలి. మధ్యాహ్నం ఆటకు నవ్వించే దెయ్యాలు, రాత్రి ఆటకు నిజంగా భయపెట్టేవి. ఇలా విడదీస్తే తాతయ్యలు, మనవలు, కాలేజీ పిల్లలు ఎవరి ఆటకు వాళ్లు వస్తారు.

సబ్‌టైటిల్స్ మీద మాత్రం రాజీ వద్దు. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు అర్థమైనా తెలంగాణ యాసలో గుసగుసగా చెప్పిన మాట అందదు. హారర్‌లో అసలు విషయమంతా ఆ గుసగుసలోనే ఉంటుంది.

మాట్లాడుకోవాల్సిన భయం

అన్నిటికంటే బరువైన విషయం ఇంకొకటి ఉంది. మన హారర్ సినిమాల్లో సగం చేతబడి చుట్టూ తిరుగుతాయి. తెరమీద అది వినోదం. కానీ చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన, తగలబెట్టిన వార్తలు మన పల్లెల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. బలయ్యేవాళ్లు ఎక్కువగా పేదలు, వృద్ధులు, ఒంటరి ఆడవాళ్లు. దీని మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు తెచ్చాయి.

'విరూపాక్ష' కథ కూడా ఊరివాళ్లు అనుమానంతో ఒక జంటను సజీవంగా తగలబెట్టడంతోనే మొదలవుతుంది. ఆ సన్నివేశం చూసిన పదిహేనేళ్ల ప్లేనో పిల్లవాడు "ఇది నిజంగా జరుగుతుందా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే చోటు హాల్లోనే ఉండాలి. ఆట అయ్యాక ఇరవై నిమిషాలు దీపాలు వేసి, విషయం తెలిసిన డాక్టరో, న్యాయవాదో, మూఢనమ్మకాల మీద పనిచేసినవాళ్లో మాట్లాడితే చాలు. ఓటీటీ ఇవ్వలేనిది అదే. ఆ ఇరవై నిమిషాలు లేకపోతే మన ఊళ్ల గురించి పిల్లలకి మిగిలేది భయం, వెక్కిరింపు మాత్రమే.

చిన్నగా మొదలుపెడితే

ఒక్క హాలు, ఒక్క వీకెండ్, ఆరు ఆటలు చాలు. అందులో ఒక ఆట ఇక్కడి పిల్లలు తీసిన పది నిమిషాల లఘుచిత్రాలకు వదిలేయాలి. ఫోన్‌తో తీసినా సరే, అమ్మమ్మ చెప్పిన కథ ఆధారంగా ఉండాలన్నదే నియమం. ఆ నియమం కోసమైనా పిల్లలు ఇండియాకి ఫోన్ చేసి అమ్మమ్మను కథ అడుగుతారు.

మన ఊళ్లో పట్టుదలకు కొరత లేదు. టాంటెక్స్ వారి 'నెల నెలా తెలుగు వెన్నెల' సాహిత్య సదస్సు ఏళ్ల తరబడి నెల తప్పకుండా నడుస్తోంది. దాని వెనక ఏ స్టారూ లేడు, వచ్చి కుర్చీలు సర్దే మనుషులు ఉన్నారు. సినిమా పండగకూ అలాంటివాళ్లే కావాలి. న్యూజెర్సీలోనో, బే ఏరియాలోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకూ ఈ లెక్కే వర్తిస్తుంది.

వచ్చే అక్టోబరుకి గుమ్మం ముందు అస్థిపంజరం పెట్టే ముందు, దగ్గర్లో కొత్తగా తెరిచిన హాలు మేనేజర్‌ని ఒకసారి కలవండి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందా అని అడగండి. మిగతా పనంతా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.