మామ కన్ను, నేను తెచ్చిన చుక్కల మందు

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది, కోతలు మొదలయ్యే లోపు చదవండి.

పోయిన కోతలప్పుడు మా మామ కంట్లో వరి ఆకు గీసుకుంది. మొదట ఆకు పసరు పోశారు, తగ్గలేదు. మందుల షాపుకి నన్ను పంపారు, ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనే కదా. షాపతను ఇచ్చిన చుక్కల మందు తెచ్చి నా చేత్తోనే వేశాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. అత్త మురిసిపోయింది. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ సీసా చూసి ముందు దాన్ని ఆపించారు. అది డెక్సామెథసోన్, స్టెరాయిడ్. పైకి వాపు తగ్గిస్తది, లోపల ఫంగస్‌తో పోరాడే ఒంటి బలాన్నీ తగ్గిస్తది. పుండుని సన్నగా గీకి మైక్రోస్కోపు కింద చూస్తే దారప్పోగుల్లాగా ఫంగస్. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటివి మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఉంటాయి, గీత పడితే అందులోంచి దిగుతాయి. నాటామైసిన్ చుక్కలు గంటగంటకీ వేశాం, మొదట్లో రాత్రుళ్ళు కూడా. వారాల మీద పుండు మానింది, మచ్చ మిగిలింది. ఆ కంటికి ఇప్పుడు ఎదురుగా చెయ్యి ఊపితే తెలుస్తది, అంతే.

మనోళ్ళు పసరు పోసుకునే కళ్ళు పోగొట్టుకుంటారని బయటోళ్ళు అంటారు. కంట్లో పసరు పొయ్యకూడదు, నిజమే. కానీ చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మినోళ్ళని ఎవరూ ఏమీ అనరు. అది తెచ్చింది డిగ్రీ చదివే నేను. ఈ మాట రాయడానికి నాకు ఏడాది పట్టింది.

నేపాల్‌లో భక్తపూర్ దగ్గర ఊరి ఆరోగ్య కార్యకర్తలకే నేర్పి, కంట్లో గీత పడ్డవాళ్ళకి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకి 3 సార్లు, 3 రోజులు పెట్టించారు. 2001లో వచ్చిన లెక్కలో, 18 గంటల లోపు మొదలుపెట్టినవాళ్ళలో ఒక్కరికీ పుండు పడలేదు. అది ఫంగస్‌ని చంపే మందు కాదు. గీత తొందరగా మానితే లోపలికి దిగే దారి మూసుకుంటది. పుండు పడ్డాక మాత్రం కంటి డాక్టరే దిక్కు.

మా ఆశా అక్క సంచిలో మలేరియా కిట్టు ఉంది, కంటి ఆయింట్‌మెంట్ లేదు. ఆమెకి నేర్పించి అది ఇవ్వాలని ఈసారి గ్రామసభలో అడుగుతా. మీరూ మీ ఊళ్ళో అడగండి.

మామ మళ్ళీ కోతకి దిగుతానంటున్నాడు. సంతలో ప్లాస్టిక్ కళ్ళద్దాలు కొనిచ్చాను. పెట్టుకుంటే అందరూ నవ్వుతారంట.