మగవాళ్ళు దేశంబోతే ఊరు నడిపేదెవరు?

ఎస్టోనియా. ఈ దేశం పేరు మనలో చాలామంది విని ఉండం. పిల్లల అట్లాసు తెరిచి చూస్తే యూరప్ పైభాగాన, రష్యాను ఆనుకుని, బాల్టిక్ సముద్రం ఒడ్డున చిన్న ముక్కలా కనిపిస్తుంది. జనాభా 13 లక్షల పైచిలుకు. 2011 జనాభా లెక్కల్లో మన పాత కరీంనగర్ జిల్లాలోనే 37 లక్షల మందికి పైగా ఉన్నారు. అంటే అందులో సగం కూడా లేని దేశమన్నమాట! అయినా వాళ్ళతో మనకు చిన్న చుట్టరికం ఉంది. పరదేశంలో ఉన్న పిల్లల ముఖం కంప్యూటర్లో చూస్తూ మాట్లాడే స్కైప్ గుర్తుందా? 2003లో వచ్చిన ఆ స్కైప్‌కు ప్రోగ్రాములు రాసింది ఎస్టోనియా కుర్రాళ్ళే. 2025 మే నెలలో అది మూతబడింది. దాన్ని తయారుచేసిన దేశం సంగతులు మాత్రం మన రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల ఆడవాళ్ళు తెలుసుకోదగ్గవి.

వాళ్ళకూ ఒక గల్ఫ్ ఉంది

ఎస్టోనియాకు నైరుతి దిక్కున ఒక సింధుశాఖ ఉంది. ఇంగ్లీషులో దాన్నీ గల్ఫే అంటారు, రీగా గల్ఫ్. అందులో కిహ్ను అనే చిన్న దీవి. ఆరేడు వందల మంది ఉంటారు. తరతరాలుగా అక్కడి మగవాళ్ళు చేపల వేటకనీ, సీల్ జంతువుల వేటకనీ, ఓడల మీద పనికనీ నెలల తరబడి సముద్రం మీదికి పోయేవారు. మరి పొలం, గొడ్డూగోదా, పిల్లలు, ముసలివాళ్ళు, పెళ్ళి, చావు? అన్నీ ఆడవాళ్ళ చేతి మీదే నడిచాయి. పాటలు, ఆటలు, నేత కూడా వాళ్ళే కాపాడుకున్నారు. ఈ సంస్కృతిని 2003లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది.

చదువుతుంటే మన ఊళ్ళే గుర్తొస్తాయి కదూ! మన దిక్కు దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పోయినవాళ్ళు లేని వాడ ఉందా? ఆయన రెండేళ్ళకోసారి వచ్చి నెలో రెండు నెలలో ఉండి పోతాడు. పసుపు తవ్వించేది, కూలీలను పిలిచేది, బ్యాంకుకు, బడికి, దవాఖానకు తిరిగేది ఆమె. సాయంత్రానికి బీడీల చాట ముందు కూర్చునేది కూడా ఆమే. సిరిసిల్లలో ఆయన సాంచాల మీద ఉంటే కండెలు చుట్టేది, బీడీలు చేసేది ఆమె. కిహ్ను ఆడవాళ్ళ పనిని ప్రపంచం వారసత్వం అంది. మనవాళ్ళ పనికి మనమే పేరు పెట్టలేదు. "ఆయన దుబాయిల ఉంటడు, ఆమె ఇంట్లనే ఉంటది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

అక్కడి నేతలో ఇంకో సంగతి ఉంది. కిహ్ను ఆడవాళ్ళు చారల ఉన్ని పావడాలు నేసుకుని కట్టుకుంటారు. ఆ చారల రంగును బట్టి ఆమె మనసు చెప్పవచ్చు. సంతోషంలో ఎరుపు ఎక్కువ. ఇంట్లో చావు జరిగితే ముదురు నీలం, నలుపు. రోజులు గడిచినకొద్దీ పావడాలోకి మళ్ళీ ఎరుపు చేరుతుంది. దుఃఖానికి గడువుంది, రంగు తిరిగొస్తుంది. గల్ఫ్ నుంచి పెట్టెలో శవం వచ్చిన ఇంట్లో మనం ఏం చేస్తున్నాం? ముప్ఫై ఏళ్ళు కూడా నిండని పిల్లకు బొట్టు, పూలు, పేరంటం అన్నీ ఒక్కరోజులో తీసేస్తున్నాం. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ ఆమెను బతుకమ్మ దగ్గరికి పిలిచే ఉత్తర్వు ప్రభుత్వం ఇవ్వలేదు. అది మన చేతిలో పని.

పాటతో తెచ్చుకున్న స్వాతంత్య్రం

ఎస్టోనియా వాళ్ళకు పాటంటే ప్రాణం. 1869లో టార్టు పట్టణంలో మొదటి పాటల పండుగ జరిగింది. తర్వాత అది ఆనవాయితీ అయింది. ఇప్పుడు దాదాపు అయిదేళ్ళకోసారి రాజధాని టాలిన్‌లో వేలమంది ఒకేచోట నిలబడి పాడతారు. చివరిగా 2025 జూలైలో జరిగింది.

1918లో స్వతంత్రమైన ఆ దేశాన్ని 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. 1949 మార్చిలో కొద్ది రోజుల్లోనే 20 వేల మందికి పైగా జనాన్ని రైళ్ళకెక్కించి సైబీరియాకు పంపారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళే. అన్ని కష్టాల్లోనూ పాట మాత్రం పోలేదు. 1988లో లక్షల మంది టాలిన్ మైదానంలో చేరి నిషేధించిన దేశభక్తి పాటలు ఎలుగెత్తి పాడారు. 1989 ఆగస్టు 23న పక్కనున్న లాత్వియా, లిథువేనియా వాళ్ళతో కలిసి దాదాపు 600 కిలోమీటర్ల పొడవున చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 1991 ఆగస్టు 20న మళ్ళీ స్వతంత్రం ప్రకటించుకున్నారు. అందుకే దాన్ని 'పాటల విప్లవం' అంటారు.

మనకిది వింతేం కాదు. బతుకమ్మను నడిరోడ్డు మీద పెట్టి, ధూంధాంలలో గొంతు కలిపి తెలంగాణ అడిగినవాళ్ళం. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. తేడా ఎక్కడంటే, వాళ్ళు స్వాతంత్య్రం వచ్చాక కూడా పాడే బాధ్యత తమ దగ్గరే ఉంచుకున్నారు. బడిపిల్లల పాటబృందాలు చాలాచోట్ల ఉంటాయి. మన వాడల్లో మాత్రం డీజే పెట్టి పాట పని పెట్టెకు అప్పజెప్తున్నాం. పెద్దవాళ్ళ నోట ఉన్న పాటలు ఏ పిల్ల నేర్చుకుంటోంది?

ఇంటి నుంచే కాగితం, ఇంటి నుంచే ఓటు

ఈనాటి ఎస్టోనియా మరోరకంగా పేరుపొందింది. 2002 నుంచి ప్రతి మనిషికీ ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డు ఇచ్చారు. పన్ను, మందుల చీటీ, పిల్లల పుట్టుక నమోదు, అన్నీ ఇంట్లో కూర్చునే. మన మీసేవ, ఆధార్ లాంటిదేగా అనుకోకండి. అక్కడ నా వివరాలు ఏ ఆఫీసరు, ఎప్పుడు చూశాడో నేను చూసుకోవచ్చు. కారణం లేకుండా చూస్తే నిలదీయవచ్చు. అసలు కిటుకు అక్కడుంది. ఆఫీసు మనల్ని చూడడమే కాదు, మనమూ ఆఫీసును చూడగలగాలి.

2005 నుంచి ఓటు కూడా ఇంటర్నెట్‌లో వేస్తున్నారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలా పడ్డవే. ఏ దేశంలో ఉన్నా ఓటు వేయవచ్చు. మరి మనవాళ్ళు? 2010లో చట్టం మార్చి ప్రవాసులకు ఓటు హక్కయితే ఇచ్చారు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి పోలింగ్ బూత్‌కే రావాలి. ఎడారిలో కూలి చేసే మనిషి ఒక్క ఓటు కోసం విమానం టికెట్ కొనగలడా? అందుకే గల్ఫ్ కార్మికుల గోడు ఎన్నికలప్పుడు హామీగా వినిపిస్తుంది, తర్వాత అణగిపోతుంది.

అయితే ఆయన ఓటు అక్కడ చిక్కుకుంటే, ఇక్కడ మిగిలిన ఓటు ఎవరిది? ఆమెది. గల్ఫ్ ఊళ్ళలో గెలుపోటములు తేల్చగలిగేది ఆడవాళ్ళే. అయినా ఎవరికి వేయాలో ఫోన్లో ఆయన చెబుతాడు, లేదంటే మామ చెబుతాడు. ఇది ఎన్నాళ్ళు?

అంతా పూలబాటేనా?

కాదు. అక్కడ బిడ్డ పుడితే తల్లిదండ్రులకు ఏడాదిన్నర పైనే జీతంతో సెలవు దొరుకుతుంది. ఆ సెలవు తండ్రి కూడా పంచుకోవచ్చు. 2016లో కెర్స్తి కల్యులైద్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు, 2021లో కాయా కల్లాస్ తొలి మహిళా ప్రధాని అయ్యారు. అయినా ఆడ, మగ జీతాల తేడా ఎక్కువగా ఉన్న యూరప్ దేశాల్లో అదొకటి. 2022లో ధరలు 19 శాతం దాకా పెరిగి ఇల్లాళ్ళు అల్లాడారు. పక్కనే యుద్ధం, ఎప్పుడేమవుతుందోనన్న దిగులు. జనాభాలో నాలుగో వంతు దాకా ఉన్న రష్యన్ మాట్లాడేవాళ్ళ పిల్లలను 2024 నుంచి ఎస్టోనియన్ మాధ్యమంలోకి మారుస్తున్నారు. ఆ తల్లుల బెంగ ఆ తల్లులకుంది. కిహ్నులో కూడా చదువులకూ ఉద్యోగాలకూ పిల్లలు దీవి దాటిపోతున్నారు.

కాబట్టి వాళ్ళను చూసి అబ్బురపడి ఊరుకుంటే లాభం లేదు. మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గల్ఫ్ పైసలతో కొన్న ఇంటి జాగ, భూమి కాగితాల్లో ఆమె పేరు కూడా రాయించడం. ఆయన పాస్‌పోర్టు, వీసా, కంపెనీ పేరు, బీమా కాగితాల జిరాక్సులు ఇంట్లో ఆమె దగ్గర ఉంచుకోవడం. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను "మా ఆయన అక్కడి నుంచే ఓటు వేసే వీలు ఎప్పుడు తెస్తారు?" అని గడపలోనే నిలబెట్టి అడగడం. వచ్చే ఎంగిలిపూల నాడు, పోయినేడు భర్తను పోగొట్టుకున్న పక్కింటి పిల్లను చేయి పట్టి బతుకమ్మ దగ్గరికి తీసుకురావడం. వీటిలో మొదటి రెండింటికీ, చివరిదానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.