ప్రాతక్యూయా, క్రొత్తక్యూయా?

స్నూకరు ఆట 1875లో జబల్పూరున పుట్టినది. అందు బంతిని కొట్టు కఱ్ఱకు క్యూ అని పేరు. పూర్వులు చేతితో చేసిన క్యూలే మేలని పలువురందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. చక్కగా ఆరిన, చారలు వంకరపోని యాష్ కలపను ఏరి, ఓపికతో చిత్రికపట్టిన క్యూ సులభముగా వంగదు. అయితే ఈ గుణము కలపది, పనితనముది; వయస్సుది కాదు. అట్టి శ్రద్ధతో నేడు చేసినదియు అట్లే నిలుచును.

స్కాట్లండు క్రీడాకారుడు స్టీఫెన్ హెండ్రీ చిన్ననాటినుండి వాడిన సామాన్యపు క్యూతోనే 1990, 1999 సంవత్సరముల నడుమ ఏడుమార్లు ప్రపంచవిజేత యయ్యెను. 2003లో విమానప్రయాణమున అది విఱిగినది. అతడు క్రొత్తదానిని అలవరచుకొని ఆ యేడే బ్రిటిష్ ఓపెన్ పోటీని గెలిచెను.

కావున పనిముట్టు ఏండ్లను లెక్కింపరాదు, పనితనమును పరీక్షింపవలెను. పిమ్మట గెలిపించునది సాధనయే.