వణుకు కంటే ముందే

అమ్మ ఖమ్మం నుంచి పంపే పచ్చళ్ల పార్శిల్‌లో ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది. ఏ డబ్బాలో ఏముందో నాన్న రాసిన జాబితా. నాన్న ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాడు. బోర్డు మీద రాసినట్టే కాగితం మీదా గుండ్రంగా, పెద్దపెద్ద అక్షరాలు రాసేవాడు. ఐదేళ్ల కిందట వచ్చిన కాగితంలో మొదటి లైను 'ఆవకాయ' మామూలుగానే ఉంది. కిందికొచ్చేసరికి అక్షరాలు చీమల్లా అయిపోయాయి. చివరి లైను చదవడానికి ఫొటో తీసి జూమ్ చెయ్యాల్సి వచ్చింది. "కళ్లజోడు మార్చుకో నాన్నా" అని నవ్వి ఊరుకున్నాను.

ఆ ఏడాదే వీడియో కాల్స్‌లో నాన్న నవ్వడం తగ్గిపోయింది. మేం డల్లాస్‌లో ఇల్లు కొన్న కొత్తలవి. ఇక తిరిగి రానని కోపం పెట్టుకున్నాడని నాకు నేనే తేల్చేసుకున్నాను. పౌరుషానికి పోయి ఫోన్లు తగ్గించాను కూడా. ఏడాదిన్నర తర్వాత డాక్టరు పార్కిన్‌సన్స్ అన్నాకే అర్థమైంది. ముఖంలో కండరాల కదలిక తగ్గిపోతే లోపల ఎంత సంతోషం ఉన్నా బయటికి కనబడదట.

మనలో చాలామందికి ఈ జబ్బు అంటే చేతులు వణకడం, అంతే. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్‌సన్ దీని గురించి రాసిన పుస్తకం పేరులోనే వణుకు ఉంది. ఆ మాటే రెండు వందల ఏళ్లుగా మన బుర్రల్లో ఉండిపోయింది. కానీ కొందరికి వణుకే రాదు. వణుకు కోసం ఎదురుచూస్తూ మిగతావన్నీ ముసలితనం ఖాతాలోనో, బద్ధకం ఖాతాలోనో రాసేస్తున్నామని నా బాధ.

మెదడు అడుగుభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతం ఉంది. 'నల్లటి పదార్థం' అని అర్థం. అక్కడి కణాల్లో నల్లటి రంగు పదార్థం ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ కణాలు డోపమైన్ తయారుచేసి, సన్నటి పొడుగాటి తీగల ద్వారా కదలికల్ని నడిపించే భాగాలకి పంపుతాయి. ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ కణాల్లో ముద్దలు కడుతుంది. తీగల చివరలు ముందు దెబ్బతింటాయి, తర్వాత కణాలు చనిపోతాయి, ఆ నల్లరంగు వెలిసిపోతుంది. కదలికల్లో తేడా పైకి తెలిసేనాటికే నష్టం చాలా జరిగిపోయి ఉంటుంది. అయినా మామూలు ఎమ్మారై స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనబడదు.

అంత నష్టం జరుగుతుంటే ఇన్నాళ్లూ ఎలా తెలియలేదు? నా ఉద్యోగం నెట్‌వర్కులతో కాబట్టి నాకు ఇలా అర్థమైంది. సర్వర్ ఒక్కసారిగా పడిపోతే వెంటనే అలారం మోగుతుంది. అదే లింకులు ఒక్కొక్కటిగా బలహీనపడుతుంటే ట్రాఫిక్ వేరే దారి పట్టి పని జరిగిపోతూనే ఉంటుంది. మెదడూ అంతే చేస్తుంది. చిన్నమెదడు, పైపొరలోని కొన్ని భాగాలు అదనపు బరువు మోస్తాయని మెదడు పనిచేసే తీరు చూపించే స్కాన్‌లలో తేలింది. అవీ మోయలేనప్పుడే మనకి తెలుస్తుంది.

ఇంకో సంగతి. డోపమైన్ ఎక్కువగా తగ్గేది అలవాటుగా జరిగిపోయే కదలికల్ని నడిపే భాగంలోనట. నడవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటివి మనం ఆలోచించకుండానే చేసేస్తాం. నాన్న ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యాలి. నడుస్తుండగా ఎవరైనా మాట్లాడిస్తే ఆగిపోతాడు. "తొందరగా రండి" అని వెనకనుంచి అరిస్తే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ఫిజియోథెరపిస్టు చెప్పాక అమ్మ గుమ్మం ముందు సుద్దముక్కతో అడ్డగీతలు గీసింది. ఒక్కో గీత దాటమంటే చక్కగా దాటేశాడు! పాత దారి పాడైనా, కళ్లతో చూసి అడుగువేసే దారి ఇంకా బాగానే ఉందన్నమాట.

వెనక్కి తిరిగి చూస్తే గుర్తులు అంతకు చాలా ముందునుంచే ఉన్నాయి. "ఇంగువ వేశావా అసలు?" అని నాన్న అడిగితే అమ్మ చిన్నబుచ్చుకునేది. నిద్రలో కేకలు పెట్టి కాళ్లు విసురుతుంటే మంచం పక్కకి జరుపుకుని మాతో చెప్పి నవ్వేది. మలబద్ధకం సరేసరి. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగేది కాదు. 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం, ఈ జబ్బు వాసన పసిగట్టే భాగంలోనూ మెదడు కాండం కింది భాగంలోనూ మొదలై పైకి పాకుతుందని ప్రతిపాదించింది. అందరిలో ఒకేలా జరగదని తర్వాత వాదనలొచ్చాయి. కానీ మా ఇంట్లో వరస మాత్రం అచ్చం అలాగే ఉంది.

వీటిలో ఏదో ఒకటి కనబడగానే కంగారు పడమనడం లేదు. వాసన తెలియకపోవడానికి, మలబద్ధకానికి సవాలక్ష కారణాలుంటాయి. రెండుమూడు కలిసి కనబడి, కదలికలు కూడా నెమ్మదిస్తే న్యూరాలజిస్టుకి చూపించమంటున్నాను.

"ముందే తెలిసి లాభమేంటి, పోయిన కణాలు తిరిగొస్తాయా?" అని మా బాబాయ్ అడిగాడు. రావు. లెవోడోపా మాత్రలు తగ్గిన డోపమైన్‌ని భర్తీ చేస్తాయే తప్ప జబ్బుని ఆపలేవు. కానీ సరైన మందు, రోజూ వ్యాయామం ఉంటే మనిషి తన పనులు తను చేసుకుంటూ బతికే కాలం బాగుంటుంది. ఇంకో లాభం నాకు స్వయంగా తెలుసు. ముందే తెలిసుంటే నేను నాన్నతో ఆ ఏడాదిన్నర ముభావంగా ఉండేవాణ్ని కాదు.

దూరదేశాల్లో ఉండేవాళ్లకి ఇది మరీ అవసరం. మనకి కనబడేది ఫోన్‌లో ఒక ముఖం మాత్రమే. ఈసారి మాట్లాడేటప్పుడు ఫోన్ కాస్త దూరంగా పెట్టి నాలుగడుగులు నడవమనండి. రెండు లైన్లు రాసి ఫొటో పంపమనండి.

మొన్న పార్శిల్ వచ్చింది. జాబితా ఈసారి గీతల కాగితం మీద రాశాడు నాన్న. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి. వెంటనే వీడియో కాల్ చేసి చదివి వినిపించాను. ముఖంలో ఏ మార్పూ లేదు. కానీ సంతోషించాడని నాకు తెలుసు.