సైకిలుకి డైవర్షన్ బోర్డు ఉండదు

పొద్దున్న ఏడుంబావుకి బోడుప్పల్లో మా సందులోంచి సైకిల్ తీస్తాను. కాలేజీ నారపల్లి దాటాక. మామూలుగా అయితే నలభై నిమిషాల తొక్కుడు. ఆ మామూలు రోజు మాత్రం నేనింకా చూడలేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వేస్తున్న 6 కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్‌కి 2018లో శంకుస్థాపన చేశారు. అప్పుడు నేను ఆరో క్లాసు. ఇప్పుడు బీటెక్ సెకండియర్. ఆ పిల్లర్లూ నేనూ కలిసి పెరిగాం. కొన్ని పిల్లర్లు నాకన్నా ముందే పెరగడం ఆపేశాయి.

ఆలస్యం ఎందుకైంది, తప్పెవరిది అన్నది పేపర్లలో చాలాసార్లు వచ్చింది. నా గొడవ అది కాదు. ఫ్లైఓవర్ వద్దని కూడా కాదు, ఆ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాడెవడూ వద్దనడు. నా గొడవ ఒక్కటే. రోడ్డు తవ్వి దారి మళ్లించేటప్పుడు, ఆ ప్లాన్ గీసేవాళ్ల మనసులో ఇంజిన్ లేని బండి ఒక్కటి కూడా ఉండదు.

(డైవర్షన్‌ని తెలుగులో ‘దారి మళ్లింపు’ అంటారని ఈ వ్యాసం రాస్తూ అమ్మని అడిగితే తెలిసింది. ఇంగ్లీష్ మీడియం బతుకు. తప్పులుంటే ఎడిటర్ అక్క చూసుకుంటుంది.)

యూటర్న్ సంగతే తీసుకోండి. డివైడర్ మధ్యలో దారి మూసేసి, యూటర్న్‌ని అర కిలోమీటరు ముందుకి జరుపుతారు. బైక్ మీదున్నవాడికి అదొక నిమిషం, యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతాడు. నాకు పోవడం అర, మళ్లీ రావడం అర, మొత్తం కిలోమీటరు. అదీ లారీల పక్కన, మొరం దుమ్ములో. అందుకే సైకిల్ వాళ్లు రాంగ్ రూట్‌లో వస్తారు. తప్పే. నేనూ వచ్చాను, దాచను. కానీ ఒక మనిషిని రోజూ రెండుసార్లు ఈ తప్పు చేయకుండా ఉండలేని చోట నిలబెట్టి, వాడికి ట్రాఫిక్ సెన్స్ లేదంటే ఎలా?

మొన్న డేటా స్ట్రక్చర్స్ క్లాసులో డైక్‌స్ట్రా అల్గారిథమ్ చెప్తుంటే నాకు ఈ యూటర్నే గుర్తొచ్చింది. ఏ దారి దగ్గర అనేది ఆ ఎడ్జ్‌కి మనం ఏ వెయిట్ ఇచ్చాం అన్నదాన్ని బట్టే తేలుతుంది. అదే కిలోమీటరు కారుకి ఒక వెయిట్, సైకిల్‌కి ఇంకో వెయిట్. ఎదురుగాలి, ఎత్తు, వదులు కంకర, వీటన్నిటి బిల్లూ నా కాళ్లే కడతాయి. బ్యారికేడ్లు పెట్టినవాళ్ల గ్రాఫ్‌లో మాత్రం ఒకటే వెయిట్ ఉంది. వాళ్లనే ఎందుకు అనాలి, 2017లో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో టూవీలర్ మోడ్ తెచ్చినప్పుడు కూడా అది మోటార్ బైకుల కోసమే.

ఇంకో చిన్న లెక్క. మన దగ్గర ఒక లేన్ వెడల్పు మామూలుగా మూడున్నర మీటర్లు. బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. రోడ్డుకి ఒక పక్క రేకులు కట్టి, ఇంకో పక్క డ్రైన్ కోసం తవ్వి, మధ్యలో ఒక్క లేన్ వదిలారనుకోండి. బస్సు పోగా మిగిలేది 90 సెంటీమీటర్లు. నా హ్యాండిల్‌బార్ అరవై. అంటే రేకుకీ నాకూ పదిహేను, నాకూ బస్సుకీ పదిహేను, అదీ బస్సు డ్రైవర్ గీత గీసినట్టు పోతేనే. ఆయన అలా పోడు, పోలేడు, ఆయన ముందు కూడా గుంతలున్నాయి. వెనక నుంచి హారన్ మోగుతుంది. కుడికి జరిగితే బస్సు, ఎడమకి జరిగితే గొయ్యి, ఆగితే వెనకున్నవాళ్ల తిట్లు. నేను ఆగుతాను. తిట్లు ఫ్రీ కదా.

గొయ్యి మీద ఇనప పలకలు వేస్తారు, ఎండాకాలం పర్లేదు. వాన పడితే సబ్బు రాసినట్టే. పలకకీ పలకకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటుంది. కారు టైరుకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. సైకిల్ టైరు నేరుగా అందులోకి దిగుతుంది. వదులు కంకర మీద స్పీడ్ తగ్గించాలంటారు, నిజమే, కానీ సైకిల్ నిలబడేదే కాస్త స్పీడ్ ఉంటే. తగ్గిస్తే పడతాం, తగ్గించకపోతే జారతాం. షాక్ అబ్జార్బర్లంటారా, మన మోచేతులే.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాత కూడా ఆ రోడ్డు మీదే తొక్కేవాడు. రాత్రి మా దగ్గర, పగలు మేడిపల్లిలో ఒక గోడౌన్ దగ్గర డ్యూటీ. పోయిన వానాకాలం సాయంత్రం వస్తుంటే నీళ్లు నిండిన గొయ్యిలో ముందు చక్రం దిగింది. అక్కడ లైటు లేదు, ఎర్ర రిబ్బన్ కూడా లేదు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. నెల రోజులు గోడౌన్‌కి పోలేదు, పోని రోజులకి జీతం లేదు. ఇప్పుడు షేర్ ఆటోలో పోతున్నాడు. పోను ఇరవై, రాను ఇరవై. నెలకి ఇరవయ్యారు రోజులేసుకుంటే 1,040 రూపాయలు. నాకు అది ఒక రీచార్జి, ఇంకో మూడు బిర్యానీలు. ఆయనకి అది ఊరికి పంపే డబ్బులోంచి పోతోంది. సైకిల్ సెల్లార్‌లో మీటర్ల పక్కన నిలబెట్టి ఉంది. “రోడ్డు అయినంక తొక్కుత తియ్” అంటాడు. నేను సైకిల్ తీస్తుంటే మాత్రం రోజూ ఒకటే మాట: “గా రోడ్డు మీద పోకు బిడ్డా. కంప్యూటర్ కొట్టనీకి చేతులు మంచిగుండాలె.”

సైకిల్ వాళ్లు ఎంతమంది ఉంటారులే అని మా బ్యాచ్‌లోనే ఒకడు అన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. సిటీలో లెక్క వేరు అంటాడు, సరే. అయితే ఒకసారి ఆరున్నరకి పీర్జాదిగూడ దగ్గర నిలబడి చూడమన్నాను. సెంట్రింగ్ పనికి పోయేవాళ్లు, పాలవాళ్లు, క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకున్న సెక్యూరిటీ గార్డులు. ఫ్లైఓవర్ పనికే సైకిల్ మీద వచ్చేవాళ్లనీ చూశాను. వచ్చి ఆ బ్యారికేడ్ రేకులకే సైకిల్ ఆనించి, హెల్మెట్ పెట్టుకుని లోపలికి పోతారు. వీళ్లు ఆరున్నరకే వెళ్లిపోతారు కాబట్టి తొమ్మిదింటికి కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనకి కనపడరు.

2023 అక్టోబర్‌లో మన సిటీలోనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఓపెన్ చేశారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి రోడ్డు. ఒక ఆదివారం కజిన్‌తో వెళ్లి తొక్కాను, సూపర్‌గా ఉంది, అబద్ధం చెప్పను. కానీ అక్కడికి చాలామంది సైకిళ్లని కారు వెనక కట్టుకుని వచ్చారు. ఆదివారం సైకిల్‌కి నీడ కూడా ఉంది. సోమవారం సైకిల్‌కి మాత్రం మీటరు జాగా లేదు.

నేను అడిగేది ఆ మీటరే. ట్రాక్ వద్దు, సోలార్ వద్దు. రేకుల పక్కన రోలర్‌తో తొక్కించిన ఒక మీటరు దారి, మధ్యలో తెగకుండా. దిగి తోసుకుని పోయినా పర్లేదు. రాత్రిళ్లు గొయ్యి దగ్గర ఒక లైటు. పలకల మధ్య సందు లేకుండా, సైకిల్ పోయే దిక్కుకి అడ్డంగా వేయడం. డివైడర్ మూసినప్పుడు కారు పట్టనంత సందు ఒకటి, సైకిల్ నడిపించుకుంటూ దాటడానికి. ఇవేం కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పనులు జరిగే రోడ్ల కోసమే ఎస్పీ 55 అని ఒక గైడ్‌లైన్స్ పుస్తకం వేసింది. అందులో నడిచేవాళ్ల గురించి, సైకిళ్ల గురించి కూడా ఉంది. సివిల్ బ్రాంచ్ వాళ్లు లైబ్రరీలో అడిగి చూడండి.

నాన్న స్కూటీ కొనిస్తానంటున్నాడు. అమ్మ భయం అమ్మది. నేను ఇంకా ఊ అనలేదు, ఈ సెమిస్టర్ చూద్దామన్నాను. ఈలోగా సివిల్‌లో మా ఫ్రెండ్ ఒకడు టేపు తెస్తానన్నాడు. వచ్చే శనివారం పొద్దున్నే పీర్జాదిగూడ నుంచి మేడిపల్లి దాకా రేకుకీ రోడ్డు అంచుకీ మధ్య ఎక్కడెక్కడ ఎంత జాగా ఉందో కొలిచి, ఫోటోలతో ఒక షీట్ తయారుచేసి, వార్డు ఆఫీసులోనూ సైట్ ఇంజినీర్‌కీ ఇద్దామని. రావాలనుకునేవాళ్లు క్లబ్ గ్రూప్‌లో పేరు పెట్టండి. సైకిల్ లేకపోయినా రావచ్చు, నాకు వెనక క్యారియర్ ఉంది. కూర్చున్నాక ఏ గుంతలో ఏమవుతుందో మాత్రం గ్యారంటీ ఇవ్వను.